చేనికి కొట్టే మందు, మామ మింగే మందు

అనంతపురం

ప్రియమైన శ్రీనివాసులుకు,

మా మామ దగ్గు సంగతి ఫోనులో చెబితే తెగేది కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎప్పుడో నయమైన క్షయ ఆయన ఊపిరితిత్తిలో మిగిల్చిన గుల్లలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఉండకట్టింది. కఫంలో నెత్తురు జీర కనబడింది అందుకే. ఇట్రాకొనజోల్ రాశారు. ఉండబట్టలేక ఒక క్యాప్సూల్ విప్పి చూశాను: లోపల సజ్జగింజకన్నా సన్నని పూసలు. అవి కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి కనుక అన్నం తిన్న వెంటనే మింగాలి. మామేమో దానితోపాటే ఆ ఆమ్లాన్ని తగ్గించే గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటూ వచ్చాడు! ఆ సంగతి బయటపడిన రోజు అత్త నోటికి అడ్డు లేకపోయింది.

ఆరు నెలలు వాడితే చాలదా అని ఆయన గొణుగుడు. చండీగఢ్ పీజీఐ వైద్యులు 2022లో ప్రచురించిన పరిశోధనలో, ఆరు నెలలు వాడినవారిలో 38 శాతం మందికి రెండేళ్లలోపు జబ్బు తిరగబెట్టగా, ఏడాది వాడినవారిలో అది 10 శాతమే. ఆ లెక్క చెప్పాక నోరు మెదపలేదు.

బ్యాక్టీరియాతో పోలిస్తే బూజు కణం మన కణానికి దగ్గరి చుట్టం. దాన్ని కొట్టబోతే దెబ్బ మనకూ తగులుతుంది. 1950లలో దొరికిన ఆంఫోటెరిసిన్ అనే మందు, బూజు పొరలోని ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకొని చిల్లులు పొడిచేది గానీ, రోగి మూత్రపిండాలనూ దెబ్బతీసేది. రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయే రకం ఆస్పర్‌జిల్లస్ జబ్బులో, పన్నెండు వారాల తర్వాత బతికున్నవారు ఆంఫోటెరిసిన్‌తో 58 శాతం, మామ మందు జాతిదే అయిన వొరికొనజోల్‌తో 71 శాతమని 2002లో తేలింది.

అసలు నన్ను తొలుస్తున్నది వేరే. మొన్న కొట్టంలో పడున్న ఖాళీ డబ్బా మీద టెబుకొనజోల్ అని ఉంది. శెనక్కాయకు తిక్క ఆకుమచ్చ తెగులొస్తే నేనే కొట్టిన మందు. మామ మాత్రల అట్ట పక్కన పెట్టి చూస్తే రెండు పేర్ల తోకా ఒకటే. రెండూ ఎర్గోస్టెరాల్ తయారీని ఆపే అజోళ్లే. ఇటువంటి మందులకు పొలాల్లోనే రాటుదేలిన బూజు గాలిలో మనిషికి చేరడం వల్లనే, ఎన్నడూ అజోల్ మింగని రోగుల్లోనూ మందుకు లొంగని రకం నెదర్లాండ్స్‌లోనూ, మన దేశంలోనూ కనబడింది.

అటువంటి బూజు మీద పనిచేసే ఒలోరోఫిమ్ అనే కొత్త మందు ఇంకా పరీక్షల్లో ఉండగానే, అది దెబ్బకొట్టే ఎంజైమునే కొట్టే ఇప్‌ఫ్లుఫెనోక్విన్ పంటల మందుగా వచ్చేసింది. వైద్యులకూ వ్యవసాయం వారికీ మాటల్లేవా అనిపించింది నాకు.

మామ ఇప్పుడు రొట్టె తిన్నాకే క్యాప్సూల్ మింగుతున్నాడు. నీ చేనికి ఈసారి ఏం కొట్టావో, డబ్బా చూసి పేరు రాయి.

నీ,
రామాంజనేయులు