మొదటి రోజే ఉలి ఇవ్వకు

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలు నయమైంది, మళ్లీ మెట్లు ఎక్కుతోంది. కొత్తవాళ్లకు కుర్చీల కుషన్ పని నేర్పడంలో నీకు తీరిక దొరకడం లేదని, అందుకే ఉత్తరం లేదని సరిపెట్టుకున్నాం. చిన్నత్త మాత్రం మీ క్లాసులో ఎవరికో అరచేతిలో ఉలి దిగిందని ఎక్కడో విని వచ్చింది. ఎవరికన్నది ఆమెకూ తెలియదట. సరే, అది అలా ఉంచు.

వాళ్లకు మొదట ఏ పనిముట్టు ఇస్తున్నావు? పాత కుర్చీ ముందు పెట్టి, దాని గుడ్డకు కొట్టిన మేకులు ఉలితో పీకమంటారు చాలామంది. చెడినా నష్టం లేదని వాళ్ల ధీమా. నా లెక్కలో అన్నిటికన్నా ప్రమాదమైన పని అదే. మేకు తల తుప్పు పట్టి ఉంటుంది, చెక్క ఎండి ఉంటుంది, ఎంత బలం పెట్టాలో చేతికి ఇంకా తెలియదు. ఉలి మేకు తల కిందికి దూరాలి. చెక్కసుత్తి దెబ్బ కొయ్య నార వెంటే పడాలి, అడ్డంగా పడితే పెచ్చు లేస్తుంది. మూలల దగ్గర మూల నుంచి మధ్యకు కొట్టాలి. కుర్చీని బల్లకు బిగించకుండా ఎడమచేత్తో అదిమిపడితే, జారిన ఉలి తిన్నగా ఆ చేతి మీదికే వస్తుంది. పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ మొనకు వెనకే ఉండాలి. కళ్లద్దాలు పెట్టిస్తున్నావా? తెగిన మేకు తల కంటికి ఎగురుతుంది.

ముందు ఒక ఉత్త చెక్క, గుప్పెడు మేకులు, అయస్కాంతం సుత్తి ఇవ్వు. తల 200 గ్రాములుంటే చాలు. అయస్కాంతం కొసకు మేకును అంటించి ఒక్క దెబ్బతో నిలబెట్టి, సుత్తి తిప్పి రెండో కొసతో దిగ్గొట్టాలి. వేళ్లు దెబ్బకు అడ్డం రావు. పూర్వం పనివాళ్లు మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే సుత్తికి అందించేవారు. అందుకోసమే శుద్ధి చేసిన మేకులు అమ్మేవారు కూడా. నీ దగ్గర ఎవరినీ ఆ పని చేయనివ్వకు.

చిన్న మామయ్య నేర్చుకున్న తీరు నీకు చెప్పానో లేదో. అతనిది ఎడమచేతి వాటం. పక్కన నిలబడి చూపిస్తే ఒక్కటీ పట్టుబడేది కాదు. తాతయ్య ఎదురుగా కూర్చుని చేసి చూపించాడు, అద్దంలో చూసినట్టు అతను చేశాడు. అప్పుడు గాడిన పడ్డాడు. కానీ తొందర మనిషి. కుర్చీకి బిగించమని చారల గుడ్డ ఇస్తే ఒక పక్క మూల నుంచి మూలకు మేకులన్నీ పూర్తిగా దిగ్గొట్టేసి, అవతలి పక్క లాగాడు. చారలన్నీ మధ్యలో వంకర తిరిగాయి. తాతయ్య కోప్పడలేదు. అన్నీ పీకించి, ముందు నాలుగు పక్కలా మధ్యలో రెండేసి మేకులు సగం వరకే కొట్టించాడు. చార నిటారుగా ఉందో లేదో చూడటం, కాస్త లాగడం, మూలల వైపు జరగడం. సగం దిగిన మేకు ఇట్టే ఊడుతుంది, గుడ్డ చిరగదు. సాయంత్రానికి చారలు తీగ లాగినట్టు వచ్చాయి. పిల్లలకు మొదట నేర్పాల్సింది ఆ సగం దెబ్బే. పూర్తిగా దిగ్గొట్టడం ఎవరికైనా వస్తుంది.

సీటు అడుగున పట్టీ బిగించడం, స్ప్రింగులు కట్టడం ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఆ దెబ్బ తగిలినవాళ్లకు టెటనస్ ఇంజెక్షన్ వేయించారా? అరచేతి గాయం పైకి చిన్నదిగా కనిపించినా లోపల నరం తెగి ఉండవచ్చు. వేళ్లన్నీ పూర్తిగా వంగుతున్నాయా, ఎక్కడైనా తిమ్మిరి ఉందా అని డాక్టరుకే చూపించాలి, మనం ఊహించుకుంటే చాలదు. ఇది ఆ విద్యార్థి కోసమే రాస్తున్నాను. నువ్వు మాత్రం ఫోను చేయకు. నీ చేత్తో నాలుగు ముక్కలు రాసి పంపు, నీ అక్షరాలు చూడాలని ఉంది.

చిన్నత్తతో నా చెక్కసుత్తి పంపుతున్నాను. పిడి గరుకు తీశాను. తల కాస్త వదులైనా వాడనివ్వకు, పక్కన పెట్టించు.

నాన్న