నగకు వెనకవైపు

చిరంజీవి పాపకు నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన నెక్లెస్ బొమ్మ చూశాను. అమ్మ కూడా చూసింది. మామిడిపిందెల వరస, నడుమ పచ్చ పెట్టిన పతకం, దాని కింద వేలాడే ముత్యాలు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. పిందె తోక దగ్గరికి వచ్చేకొద్దీ కెంపులు చిన్నవై పోవడం చూసి చాలా సంతోషించాను. అది నేర్పితే వచ్చేది కాదమ్మా, చిన్నప్పటి నుంచి కుంపటి పక్కన కూర్చున్నందుకు నీ కంటికి వచ్చింది. ఎలా ఉందో చెప్పమన్నావు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

నీ బొమ్మలో నగకు వెనకవైపు లేదు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి గీశావు. నగను తిప్పితే ఏం కనపడాలో నువ్వు ఆలోచించినట్టు లేదు. మా పని చాలావరకు అక్కడే జరుగుతుంది.

నువ్వు గీసినవి సాన పట్టిన కోణాల రాళ్ళు కావు, నున్నటి గుండ్రటి కెంపులు. వాటిని రవ్వల్లాగా నాలుగు కాళ్ళ మధ్య నిలబెట్టి వెనక తెరిచి ఉంచితే కాంతి తిరిగి రాదు, రాయి నల్లగా కనపడుతుంది. అందుకే మన పాత నగలకు వెనక మూసి ఉంటుంది. ముందు రేకుతో గూడు కడతాం. గూట్లో లక్క నింపుతాం. రాయి కింద మెరిసే పల్చటి రేకు పరుస్తాం. రాయిని కూర్చోబెట్టాక చుట్టూ కుందనం నొక్కుతాం. అది అపరంజి, ఏమీ కలపని 24 కేరట్ల బంగారం, ఉల్లిపొర లాగా సాగగొట్టింది. దానికి మంట అక్కర్లేదు. ఉక్కు ములికితో పొర మీద పొర పెట్టి నొక్కుతూ పోతే బంగారం బంగారానికి అంటుకుని గట్టి కట్టు అవుతుంది. 22 కేరట్లది అయితే అలా అంటుకోదు, అందులో కలిసిన రాగి అడ్డుపడుతుంది. రాళ్ళు తాపే పనివాడు రోజంతా చేసేది ఆ నొక్కుడే. కూలి మాత్రం రాయి లెక్కన ఇస్తారు. నువ్వు ఒక పిందెలో రెండు రాళ్ళు ఎక్కువ గీస్తే ఆయన మెడ ఇంకో గంట వంగి ఉంటుంది. అందంగా ఉంటే తప్పకుండా గియ్యి. ఆ గంట లెక్క మటుకు నీకు తెలిసి ఉండాలి.

ఇక మంట సంగతి. లక్క వేడికి మెత్తబడుతుంది. అందుకని అతుకులన్నీ రాళ్ళు తాపక ముందే అయిపోవాలి. నువ్వేమో ముత్యాలు వేలాడే కొక్కేలను సరిగ్గా పచ్చ వెనకాలే పెట్టావు. చేసేటప్పుడు ఇబ్బంది లేదు, ముందే అతికేస్తాను. పదేళ్ళకు ఆ కొక్కెం అరిగి తెగితే? అప్పుడు బాగుచేసేవాడు లక్క పక్కన, పచ్చ పక్కన మంట పెట్టాలి. పచ్చలో పుట్టుకతోనే సన్నటి చీలికలు ఉంటాయి. అవి కనపడకుండా నూనె పట్టిస్తారు. వేడికి నూనె పోతే చీలికలు బయటపడతాయి, ఒక్కోసారి రాయే పగులుతుంది. ముత్యాలకు వేడీ పడదు, అతుకు పారడానికి వేసే వెలిగారాన్ని తర్వాత వదిలించే యాసిడ్ నీళ్ళూ పడవు. కాబట్టి పతకాన్ని, వేలాడే భాగాన్ని విడివిడిగా గీసి మధ్యలో చీల వేసిన కీలు పెట్టు. చీల లాగితే ముత్యాల వరస ఊడి చేతికి రావాలి. నీ నగ నీ తర్వాత ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు. వాళ్ళకు దారి వదలడం గీసేవాళ్ళ బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

అతుకు అన్నాను కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. కొనేవాళ్ళు ఇప్పటికీ 'కేడీయం బంగారమేనా' అని అడుగుతారు, అదేదో నాణ్యం గుర్తు అనుకుని. అది అతుకులో కలిపే కాడ్మియం అనే లోహం. పూర్వం రాగి, వెండి ఎక్కువ కలిపి అతికితే నగ కరిగించినప్పుడు బంగారం తక్కువ తేలి మాట పడేవాళ్ళం. కాడ్మియం కొంచెమే చాలు, బంగారం శాతం తగ్గదు, అతుకు తేలిగ్గా పారుతుంది. కానీ అది 767 డిగ్రీలకే ఆవిరైపోతుంది. మూసిన గదిలో ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్నవాడి ఊపిరితిత్తులకు ఆ పొగ విషం. హాల్‌మార్క్ నగల్లో ఇప్పుడు దాన్ని వాడకూడదు. ఎక్కడైనా వర్క్‌షాప్‌కు వెళ్తే ఏ అతుకు వాడుతున్నారో, పొగ బయటికి పోయే దారి ఉందో లేదో ముందు అడుగు. మొహమాటపడకు.

మీ జేజినాయన గురించి నీకు సగమే తెలుసు. చైనా యుద్ధం అయిన కొత్తలో, 1963 జనవరిలో, బంగారు నియంత్రణ వచ్చింది. కొత్తగా చేసే నగ 14 కేరట్లకు మించకూడదన్నారు. అంటే నూటికి 58 పాళ్ళే బంగారం. దాంతో పుస్తెలు చేయించుకునేవాళ్ళు ఎవరు? కుంపట్లు ఆరిపోయాయి. దేశమంతటా కంసాలులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. జేజినాయన పత్తి మిల్లులో కూలికి పోయాడు. సాయంత్రం ఇంటికొచ్చి, బంగారు తీగ లాగే కమ్మచ్చు తుడిచి నూనె రాసేవాడట, తుప్పు పట్టకూడదని. 1966లో ఆ 14 కేరట్ల షరతు ఎత్తేశారు కానీ, 1968 చట్టం కింద లైసెన్సులు, లెక్కల పుస్తకాలు, సోదాలు 1990 దాకా ఉన్నాయి. నేను పని నేర్చుకున్నది ఆ రోజుల్లోనే. స్మగ్లింగ్ ఆపాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆ నిబంధన రాసినవాళ్ళు మాత్రం పని చేసే గది ఒక్కటీ చూసి ఉండరని నా నమ్మకం.

కంప్యూటర్ మీద గీయడం, కాస్టింగ్ పోయడం నాకు ఇష్టం లేదని అనుకోకు. ఒకే పిందె ఇరవై కావాలంటే మైనంతో అచ్చు తీసి పోయడమే మేలు. పోసిన బంగారం కంటే సుత్తితో సాగగొట్టిన రేకు గట్టిగా ఉంటుంది, అదే గట్టిదనానికి పల్చగా సరిపోతుంది, నగ తేలికవుతుంది. మెడలో వేసుకునే మనిషికి ఆ తేడా మధ్యాహ్నానికి తెలుస్తుంది. కాబట్టి పిందెలు పోద్దాం, పతకం గూడు మాత్రం చేత్తో కడదాం.

దసరాకు వస్తున్నావు కదా. అమ్మవారిశాల దగ్గర రద్దీ మొదలు కాకముందే నాలుగు రోజులు ముందుగా రా. మన వీధి చివర రాళ్ళు తాపే పెద్దాయనతో మాట్లాడాను. కుందనం పని పొద్దుటి వెలుతురులోనే చేస్తాడు, ఏడింటికల్లా ఆయన దగ్గర ఉండాలి. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళు, ఆయనకు నచ్చదు. కెంపుల కొలతలు మిల్లీమీటర్లలో రాసి ఈ వారంలోనే పంపు, తెప్పించి ఉంచుతాను. ముందు ఒక్క పిందె వెండితో చేద్దాం, బంగారం ధర చూస్తున్నావుగా. పచ్చ నువ్వే ఎంచుకో, కానీ డబ్బు ఇచ్చే ముందు నాకు ఒకసారి చూపించు.

అమ్మ నిన్ను వేళకు తినమంది.

ఇట్లు,
నాన్న
ప్రొద్దుటూరు