నలభై ఏళ్లు మోసింది కాబట్టే భయం

సంపాదకులకు నమస్కారం.

మా టెక్కలి వైపు గెడ్డ మీదున్న ఓ పాత వంతెన గురించి రాస్తున్నాను. రాత్రిపూట గ్రానైట్ దిమ్మల లారీలు దాటుతుంటే పక్కనున్న టీ బడ్డీలో గ్లాసులు గలగలమంటాయి. అడుగున పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయి. ఒక అధికారికి చెబితే, "నలభై ఏళ్లుగా మోస్తోంది కదండీ, ఇప్పుడేటవుతాది?" అన్నారు.

బస్సుల గ్యారేజీలో ముప్పై ఏళ్లు కమాన్ కట్టలు, అంటే బండి బరువును, కుదుపులను ఓర్చుకునే ఉక్కు పట్టీల కట్టలు, విప్పి బిగించినవాణ్ణి. విరిగిన కమాన్ పట్టీని వెలుతురులో తిప్పి చూస్తే కొంత మేర నున్నగా, ఆల్చిప్ప మీది గీతల్లాంటి వరసలతో, తుప్పు పట్టి ఉంటుంది. మిగతాది గరుగ్గా, పంచదార పలుకుల్లా మెరుస్తుంది. గరుకు భాగం ఆ రోజు విరిగింది. నున్నటి భాగం అంతకుముందే, గతుకు గతుక్కీ కాస్త కాస్త చీలుతూ వచ్చింది. డ్రైవరు మాత్రం "నిన్నటిదాకా బాగానే ఉంది కదా మేస్త్రీ" అంటాడు. నిన్న బండిని మోసింది ఆ మిగిలిన గరుకు ముక్కే.

ఉక్కు ఒక్కసారి మోయగల బరువు వేరు, లక్షల సార్లు మోయగల బరువు వేరు. జర్మనీ రైల్వే ఇంజనీరు వోలర్ ఇరుసులను పరీక్షించి 1860ల్లోనే తేల్చిన సంగతి ఇది. వెల్డింగు అతుకు మీద ఒత్తిడి రెట్టింపైతే దాని ఆయుష్షు సగానికి కాదు, దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

మాది కాంక్రీటు వంతెన కదా అనొచ్చు. అందులోనూ లాగుడుకు ఆగేది ఊచలే. మా ఉప్పుగాలికి అవి తుప్పు పడతాయి. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు కోరుతుంది, లోపల్నుంచి ఉబ్బి కాంక్రీటును పగలదీస్తుంది. ఊచ సన్నబడేకొద్దీ అదే లారీ దానికి మరింత బరువు.

అమెరికాలో ఒహాయో నది మీద 1928లో తెరిచిన సిల్వర్ బ్రిడ్జి 1967 డిసెంబరు 15న కూలి 46 మంది చనిపోయారు. ఒక్క కడ్డీలో రెండున్నర మిల్లీమీటర్ల లోతు పగులుతో మొదలైంది. అదీ 39 ఏళ్లు మోసిందే! ఆ తర్వాతే అక్కడ వంతెనలను రెండేళ్లకోసారి తనిఖీ చేయాలన్న నియమం వచ్చింది. అంత దూరమెందుకు, గుజరాత్‌లో మహీసాగర్ నది మీద 1985లో కట్టిన వంతెన 2025 జులై 9న కూలింది. లెక్క వేస్తే సరిగ్గా నలభై ఏళ్లే.

మేం కొత్త వంతెన అడగడం లేదు. కట్టిన ఏడాది, మోయదగ్గ బరువు, చివరిసారి తనిఖీ చేసిన తేదీ రాసి రెండు వైపులా బోర్డు పెట్టండి. ఓవర్‌లోడు లారీలను రాత్రుళ్లు కూడా ఆపండి. పోయినేడు రెయిలింగులకు నలుపు తెలుపు రంగులేశారు, చూడ్డానికి బాగుంది. కిందికి మాత్రం ఎవరూ దిగలేదు. దిగి సుత్తితో తట్టి చూస్తే ఎక్కడ డొల్ల శబ్దం వస్తుందో చెవికే తెలుస్తుంది. వానలు పడితే గెడ్డలో నీళ్లొస్తాయి, ఆ పని జూన్‌లోపే కావాలి. నిచ్చెన మా ఊళ్లోనే ఉంది, ఇస్తాం.

— ఓ రిటైర్డ్ మెకానిక్, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా