అమెరికాలో ఇంటికి డౌన్‌పేమెంట్ సాయం: ఎవరికి అందుతుంది, ఎక్కడ తేడా కొడుతుంది

సంపాదకులకు,

"అమెరికాలో మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు డౌన్‌పేమెంట్ ప్రభుత్వమే ఇస్తుందట" అనే మాట ఎన్నారై పేజీల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ తరచూ కనిపిస్తోంది. డౌన్‌పేమెంట్ అంటే ఇంటి ధరలో కొనేవారు ముందుగా సొంతంగా కట్టే వాటా. ఆ మాటలో సగమే నిజం. ఆ సగం చదివి భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న జంటలు ఆరా తీస్తారు. ఆదాయం పరిమితి దాటిందని తెలిసి వదిలేస్తారు. ఈ సాయం అందేవాళ్లు వేరే ఉన్నారు. ఒక్క జీతం మీద నడిచే గ్రీన్‌కార్డు కుటుంబాలు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, యూనివర్సిటీల్లో చిన్న జీతాల మీద పనిచేసేవాళ్లు, గ్యాస్ స్టేషన్లలోనూ హోటళ్లలోనూ గంటల లెక్కన పనిచేసేవాళ్లు. వివరం చేరనిది వీళ్లకే. అందుకే ఇళ్ల ధరలు ఇంకా అందుబాటులో ఉన్న ఒక కౌంటీని తీసుకుని లెక్కలతో రాస్తున్నాం.

ఆ కౌంటీ పెన్సిల్వేనియాలోని అలెగెనీ. పిట్స్‌బర్గ్ నగరం అందులోదే. మనవాళ్లకు తెలిసిన గుర్తు చెప్పాలంటే, పెన్ హిల్స్‌లోని శ్రీ వేంకటేశ్వర ఆలయం ఉన్న కౌంటీ. తూర్పు, పడమర తీరాల పెద్ద నగరాలతో పోలిస్తే ఇక్కడ ఇల్లు చవక. అయినా డౌన్‌పేమెంటూ, క్లోజింగ్ (ఇల్లు చేతులు మారే రోజు) ఖర్చులూ కలిపి ఒకేసారి కూడబెట్టడం ఒక్క జీతంతో కష్టమే.

ఈ రాష్ట్రంలో అలాంటివాళ్లకు సాయం చేసే ప్రధాన సంస్థ పెన్సిల్వేనియా హౌసింగ్ ఫైనాన్స్ ఏజెన్సీ. దాని పథకాల్లో రెండింటి గురించి తెలుసుకోవాలి. ఒకటి "కీస్టోన్ అడ్వాంటేజ్". ఇందులో ఇంటి ధరలో 4 శాతం లేదా 6,000 డాలర్లు, ఏది తక్కువైతే అది ఇస్తారు. వడ్డీ లేదు, పదేళ్లలో నెలనెలా తీర్చాలి. 6,000 తీసుకుంటే నెలకు 50 డాలర్లు. రెండోది "కీస్టోన్ ఫర్గివబుల్ ఇన్ టెన్ ఇయర్స్". వాడుకలో కె-ఫిట్ అంటారు. కొన్న ధర, అప్రైజల్ విలువ (లోను కోసం నిపుణుడు ఇంటికి కట్టే విలువ), ఈ రెండింటిలో తక్కువదానిపై 5 శాతం ఇస్తారు. నెలనెలా కట్టక్కర్లేదు, ఏటా పది శాతం చొప్పున మాఫీ అవుతుంది. రెండింటికీ క్రెడిట్ స్కోరు 660 ఉండాలి. దరఖాస్తు నేరుగా ఏజెన్సీకి పెట్టలేం. దాని జాబితాలో ఉన్న లెండర్ (లోను ఇచ్చే సంస్థ) ద్వారానే వెళ్లాలి. ఇల్లు నచ్చి, ఆఫర్ పెట్టేసి, ఆ తర్వాత "మా లెండర్‌కు ఈ పథకం లేదట" అని తెలుసుకునేవాళ్లు చాలామంది.

2,40,000 డాలర్ల ఇల్లు అనుకుందాం. కన్వెన్షనల్ లోనులో (ప్రభుత్వ హామీ లేని మామూలు గృహరుణం) 3 శాతం డౌన్‌పేమెంట్ అంటే 7,200. కె-ఫిట్ కింద వచ్చేది 12,000. డౌన్‌పేమెంట్ పోగా మిగిలింది క్లోజింగ్ ఖర్చులకు వెళ్తుంది. వినడానికి బాగుంది. అయితే ఈ 12,000 ఇంటి మీద రెండో మార్ట్‌గేజ్‌గా, అంటే రెండో తాకట్టు అప్పుగా రికార్డవుతుంది. మూడేళ్ల తర్వాత ఉద్యోగం డాలస్‌కు మారి ఇల్లు అమ్మితే, మాఫీ అయిన 3,600 పోగా 8,400 వెనక్కి కట్టాలి. ఇల్లు అమ్మకుండా అద్దెకిచ్చి వెళ్దామన్నా కుదరదు, సొంతానికి ఉంటామన్న షరతు మీదే డబ్బిచ్చారు. వడ్డీ తగ్గిందని రీఫైనాన్స్ చేయబోతే, అంటే పాత లోను తీర్చి కొత్తది తీసుకోబోతే, ఆ రెండో అప్పు అడ్డం పడుతుంది. దాన్ని తీర్చడమో, కొత్త లోను తర్వాతే తన అప్పు వసూలు చేసుకోవడానికి ఏజెన్సీ ఒప్పుకోవడమో జరగాలి. రీఫైనాన్స్ చేయించే బ్రోకర్ ఈ సంగతి ముందు చెప్పడు.

రెండో తేడా వడ్డీ రేటులో ఉంటుంది. డౌన్‌పేమెంట్ సాయం కలిపి ఇచ్చే లోన్లలో, ముఖ్యంగా ప్రైవేటు లెండర్లు "గ్రాంట్" పేరుతో ప్రచారం చేసేవాటిలో, మొదటి లోను రేటు ఎక్కువగా ఉంటుంది. పై ఇంటికే 2,32,800 లోను, 30 ఏళ్లు అనుకుంటే, 6.5 శాతానికి నెలకు అసలు, వడ్డీ కలిపి 1,471 డాలర్లు. 7 శాతానికైతే 1,549. తేడా నెలకు 77, ఏడాదికి సుమారు 930. పదేళ్లలో 9,300 దాకా. అంటే ఇచ్చిన 12,000లో చాలా భాగం రేటు రూపంలో మళ్లీ వాళ్లకే వెళ్లింది. రాష్ట్ర ఏజెన్సీ రేటు ఒక్కోసారి బయటి బ్యాంకు రేటుతో సమానంగానే ఉంటుంది, అప్పుడు సాయం నిజంగా సాయమే. ఏది ఎలాంటిదో తేల్చుకోవడానికి ఒకటే దారి. సాయంతో ఒకటి, సాయం లేకుండా ఒకటి, ఒకే రోజు రెండు లోన్ ఎస్టిమేట్లు (లోను రేటు, ఖర్చులు రాసిచ్చే అంచనా పత్రాలు) తీసుకోవాలి. దరఖాస్తు అందిన మూడు పనిదినాల్లో లెండర్ అది ఇచ్చి తీరాలి. అందరూ మొదటి పేజీలో నెలనెలా కట్టే మొత్తం చూసి మడిచి పెట్టేస్తారు. మూడో పేజీలో "ఐదేళ్లలో" అనే చిన్న గడి ఉంటుంది. ఐదేళ్లలో మొత్తం ఎంత కట్టివుంటారో, అందులో అసలు ఎంత తీరిందో అక్కడ కనిపిస్తుంది. ఆ రెండు గడులనూ పక్కపక్కన పెట్టి చూడండి.

వీసా సంగతి దగ్గర పాత సమాచారం చాలా నష్టం చేస్తోంది. 3.5 శాతం డౌన్‌పేమెంట్‌తో ఎఫ్‌హెచ్‌ఏ లోను (ప్రభుత్వం బీమా ఇచ్చే గృహరుణం) తీసుకోవచ్చని హెచ్1బీ వాళ్లకు సలహా ఇచ్చే వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి. 2025 మే 25 నుంచి శాశ్వత నివాసులు కానివాళ్లకు ఎఫ్‌హెచ్‌ఏ లోను లేదు. గ్రీన్‌కార్డు ఉంటే సరే, హెచ్1బీ, ఎల్1 ఉద్యోగ వీసాల మీద, ఓపీటీ (చదువయ్యాక పనికిచ్చే తాత్కాలిక అనుమతి) మీద ఉన్నవాళ్లకు ఆ తలుపు మూసేశారు. కాబట్టి కన్వెన్షనల్ వైపు చూడాలి. హోమ్‌రెడీ, హోమ్ పాసిబుల్ అనే లోన్లలో 3 శాతం డౌన్‌పేమెంట్ చాలు, కానీ ఆదాయం ఆ ప్రాంత మధ్యస్థ ఆదాయంలో 80 శాతం దాటకూడదు. సాయం పథకానికి వీసా నిబంధన విడిగా ఉండొచ్చు. లెండర్‌ను మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న అదే. రెండు మూడేళ్లలో ఎక్కడుంటారో తెలియని వీసా మీద ఉన్నవాళ్లకు, అర్హత ఉన్నా, పదేళ్ల మాఫీ పథకం మేం సిఫార్సు చేయం.

"మొదటిసారి" అంటే జీవితంలో మొదటిసారి అని అర్థం కాదు. చాలా పథకాల్లో గత మూడేళ్లలో నివాసానికి సొంత ఇల్లు లేకపోతే చాలు. నాలుగేళ్ల కింద ఇల్లు అమ్మేసినవాళ్లకూ వర్తిస్తుంది. మరి విజయవాడలోనో కూకట్‌పల్లిలోనో ఫ్లాట్ ఉంటే? దాచకూడదు. దరఖాస్తులో ఎక్కడున్న ఆస్తినైనా, దాని మీది అప్పునైనా రాయాల్సిందే. హైదరాబాద్ ఫ్లాట్ ఈఎంఐ కూడా నెలవారీ అప్పుల్లో కలిసి, ఇక్కడ వచ్చే లోను తగ్గుతుంది.

ఇక ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు పంపే డబ్బు. పత్రిక చదివేవాళ్లలో వాళ్లే ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా. లెండర్ సాధారణంగా చివరి రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతాడు. కన్వెన్షనల్ లోనులో నెల ఆదాయంలో సగం మించిన జమ ఒక్కటి కనిపించినా అది ఎక్కడినుంచి వచ్చిందో కాగితం చూపాలి. నాన్న పంపితే నాన్న ఖాతా నుంచి నేరుగా కొడుకు ఖాతాకో కూతురు ఖాతాకో రావాలి. బాబాయి కొడుకు ఖాతా మీదుగా తిప్పితే ముగ్గురి స్టేట్‌మెంట్లూ అడుగుతారు. దాంతోపాటు గిఫ్ట్ లెటర్ ఉండాలి: ఇచ్చేవారి పేరు, చిరునామా, బంధుత్వం, మొత్తం, తిరిగి ఇవ్వనక్కర్లేదన్న మాట, సంతకం. తిరిగి ఇవ్వాల్సిన చేబదులును గిఫ్ట్ అని రాయించడం మోసం కిందికి వస్తుంది. అది సరదాగా తీసుకునే విషయం కాదు. ఇక్కడి స్నేహితుల మధ్య చీటీ పాడుకున్న డబ్బు అసలే పనికిరాదు, దానికి చూపే కాగితం ఉండదు గనక. చీటీ ఎత్తే ఆలోచన ఉంటే లోను దరఖాస్తుకు చాలా ముందే ఎత్తి, ఖాతాలో నిలవ ఉంచుకోవాలి. మిగిలిన వాయిదాలు అప్పేనని లెండర్‌కు చెప్పడం అప్పటికీ తప్పదు.

ఇండియా వైపు లెక్క ఇది. 2025 ఏప్రిల్ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక పాన్ మీద 10 లక్షల రూపాయలు దాటి పంపే గిఫ్ట్‌పై, దాటిన మొత్తానికి బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. నాన్న ఒక్కరే 20 లక్షలు పంపితే 2 లక్షలు ఆగుతాయి. నాన్న 10, అమ్మ తన సొంత డబ్బు 10 పంపితే ఏమీ ఆగదు. ఆగిన డబ్బు ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు, కానీ అది వచ్చేది నెలల తర్వాత. క్లోజింగ్ తేదీ ఆగదు కదా. అమెరికా వైపు, ఒక ఏడాదిలో విదేశీ వ్యక్తి నుంచి లక్ష డాలర్లకు మించి గిఫ్ట్ వస్తే పన్ను లేదు గానీ ఫారం 3520 దాఖలు చేయాలి. అమ్మానాన్నలు ఇచ్చినవి కలిపే లెక్కేస్తారు. ఫారం మరిచిపోతే జరిమానా గిఫ్ట్ మొత్తంపై నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా వెళ్తుంది.

ఎవరూ చెప్పని మెలిక ఇంకోటి ఉంది. పైన చెప్పిన రాష్ట్ర పథకాల్లో కొనుగోలుదారు చేతిలో ఉన్న నగదు, షేర్ల వంటి ఆస్తికి 50,000 డాలర్ల పరిమితి ఉంది. పిల్లలకు ఆసరాగా ఉంటుందని ఊళ్లో పొలం అమ్మి ముందే డబ్బు పంపేస్తే, ఆ ప్రేమే 12,000 సాయాన్ని పోగొట్టవచ్చు. ఎంత, ఎప్పుడు పంపాలో లెండర్‌తో మాట్లాడాకే పంపండి.

అలెగెనీలో ఇల్లు కొనేటప్పుడు ఖర్చు ఎక్కడ పెరుగుతుందంటే, మొదట ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్, అంటే ఆస్తి చేతులు మారేటప్పుడు కట్టే పన్ను. పిట్స్‌బర్గ్ నగర హద్దులో రాష్ట్రానికీ నగరానికీ స్కూలు డిస్ట్రిక్ట్‌కూ (బడులు నడిపే స్థానిక సంస్థ) కలిపి ఇది 5 శాతం. చాలా శివారు మునిసిపాలిటీల్లో మొత్తం 2 శాతమే. కొనేవారూ అమ్మేవారూ చెరిసగం కట్టడం ఇక్కడి ఆనవాయితీ. 2,40,000 ఇంటికి నగరంలో మీ వాటా 6,000. రోడ్డు దాటి శివారులో కొంటే 2,400. ఇక్కడ హ్యాండ్ మనీ అని పిలిచే బయానా ఆఫర్ సమయంలోనే కట్టాలి, సాయం డబ్బు మాత్రం క్లోజింగ్ రోజుకు గానీ రాదు. కాబట్టి సాయం ఉన్నా బయానాకూ ఇన్‌స్పెక్షన్‌కూ అప్రైజల్‌కూ సొంత డబ్బు కావాలి. సాయం ఉన్న లోనుకు అనుమతులు రెండు చోట్ల రావాలి గనక, ఆఫర్‌లో 30 రోజుల క్లోజింగ్ రాస్తే ఇరుక్కుంటారు. 45 రోజులు రాయించండి.

ఇళ్లు పాతవి. 1978కి ముందు కట్టినవైతే సీసం పెయింటు ఉండొచ్చు. మట్టి గొట్టాల మురుగు లైన్లలో చెట్ల వేళ్లు దూరుతాయి, కెమెరా పెట్టి చూపించమనాలి. చాలా మునిసిపాలిటీలు అమ్మకానికి ముందు డై టెస్ట్ అడుగుతాయి. పైకప్పు నుంచి దిగే గొట్టాల్లో రంగు నీళ్లు పోసి, వాననీరు మురుగు కాలువలో కలుస్తోందా అని చూస్తారు. కలుస్తుంటే ముందు అది సరిచేయాలి. రేడాన్ (నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక వాయువు) లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే దాన్ని బయటికి పంపే ఫ్యాను పెట్టించాలి. కింద పాత బొగ్గు గనులున్న చోట నేల కుంగితే మామూలు ఇంటి బీమా ఇవ్వదు. దానికి రాష్ట్ర పర్యావరణ శాఖ నడిపే బీమా విడిగా తీసుకోవాలి.

చివరిగా ఆస్తి పన్ను. ఈ కౌంటీలో పన్ను విలువలు 2012 నాటి లెక్కల మీద ఉన్నాయి. ప్రకటనలో కనిపించే పన్ను అమ్మేవారిది, వాళ్లకు వృద్ధుల రాయితీ కూడా ఉండి ఉండొచ్చు. మీరు ఎక్కువ ధరకు కొన్నట్టు రికార్డులోకి ఎక్కగానే స్కూలు డిస్ట్రిక్ట్ అప్పీలు చేసి విలువ పెంచించుకోవచ్చు. అప్పుడు ఎస్క్రోలో (పన్నూ బీమా కట్టడానికి లెండర్ నెలనెలా తీసి ఉంచే ఖాతా) లోటు వచ్చి నెలనెలా కట్టే మొత్తం పెరుగుతుంది. కౌంటీ పన్ను రేటు కూడా 2025లో 4.73 మిల్స్ (పన్ను విలువలో వెయ్యి డాలర్లకు ఇన్ని డాలర్లు) నుంచి 6.43కి పెరిగింది. లోను అర్హత అంచుల్లో ఉన్నవాళ్లు, అంటే సాయం అవసరమైనవాళ్లే, పాత పన్నుతో లెక్కేసుకుని కొంటే రెండో ఏడు ఇబ్బంది పడతారు. ఏజెంటు చెప్పిన అంకె పక్కన పెట్టి, కొనే ధర మీద పన్ను ఎంతవుతుందో లెండర్ చేత లెక్క కట్టించుకోండి. ఇంట్లో చేరాక హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా ఉండే ఇంటికి ఆస్తి పన్నులో ఇచ్చే తగ్గింపు) దరఖాస్తు మార్చి 1లోగా కౌంటీకి చేరాలి. అది దానంతటది రాదు, పాత యజమాని పెట్టింది మీకు వర్తించదు.

ఇట్లు,
గృహరుణ సలహాదారులు,
పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా