‘జనం ఎక్కువ’ అనే మాట గురించి ఒక పాత కండక్టర్ ఉత్తరం

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు తిరుపతి రోడ్ల గురించి బాధపడి, చివర్లో ‘ఇంత జనం వచ్చిపడే ఊళ్ళో ఇంతకన్నా ఏం ఆశిస్తాం’ అని తేల్చేశారు. ఆ మాట నేనూ ముప్పై ఏళ్ళు అన్నవాణ్ణే. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం కొండ బస్సుల్లోనే గడిచింది. పోయిన డిసెంబరులో వీపున సంచి తగిలించుకుని పదహారు రోజులు వియత్నాం తిరిగొచ్చాను. అప్పటినుంచి ఆ మాట నా నోట రావడం లేదు. ఎందుకో చెప్తాను. ఉత్తరం పెద్దదైతే మీ ఇష్టమొచ్చిన చోట కత్తిరించుకోండి.

ప్యాకేజీ టూరులో పోలేదు. ‘జీవితమంతా ఇంకొకళ్ళకు టికెట్లు కొట్టావు, ఒకసారి నువ్వు ఎక్కు నాన్నా’ అని బెంగళూరులో ఉన్న మా అమ్మాయి విమానం టికెట్టు తీసి, 25 డాలర్లు కట్టి ఆన్‌లైన్‌లో వీసా తెప్పించి, తన కాలేజీ రోజుల బ్యాగు నా భుజాన వేసింది. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, రాలేనంది. తను రాకపోయినా కందిపొడి, చెనక్కాయల పొడి రెండు కిలోలు నాతో పంపింది. అరవై ఒక్క ఏళ్ళకు నాకిది మొదటి విదేశం. చెప్పుకోడానికి సిగ్గెందుకు, విమానం కూడా మొదటిసారే.

పోయేముందు లెక్క చూసుకున్నాను, కండక్టరు బుద్ధి. వియత్నాం జనాభా 2023లో పది కోట్లు దాటింది. విస్తీర్ణం 3.31 లక్షల చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్ 1.63 లక్షలు, మనం సుమారు ఐదు కోట్లమంది. అంటే రెండు ఆంధ్రాలు పక్కపక్కన పెడితే వాళ్ళ దేశం అవుతుంది. చదరపు కిలోమీటరుకు అక్కడా ఇక్కడా మూడొందలమందికి అటూ ఇటూ. వాళ్ళకు జనం తక్కువ కాబట్టి సాగుతోంది అనడానికి లేదు.

హనోయ్ విమానాశ్రయం బయటికి రాగానే ఇద్దరు ముగ్గురు మీదికొచ్చారు. మన బస్టాండు బయట ‘సామీ, కొండకా? సామీ, రూమా?’ అన్నట్టే. ఒకాయన నా బ్యాగు పట్టీ కూడా పట్టుకున్నాడు. మా అమ్మాయి రాసిచ్చిన చీటీలో ‘86 నంబరు బస్సు, ఆఖరి స్టాపు రైల్వే స్టేషను’ అని ఉంది. నారింజ రంగు బస్సు, నుదుటి మీద 86. అంకెలు ఏ దేశంలోనైనా చదవొచ్చు గదా. ఎక్కి కూర్చున్నాను. కండక్టరు ఒక అమ్మాయి. 45 వేల డాంగ్ తీసుకుని టికెట్టు ఇచ్చింది. మన డబ్బులో నూట యాభై రూపాయలు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. బస్సు కదలకముందే ఆ అమ్మాయిని ‘రైల్వే స్టేషనా?’ అని అడిగాను. తలూపింది. పది నిమిషాలకు మళ్ళీ అడిగాను. ఊళ్ళోకొచ్చాక మూడోసారి. మూడోసారి తను నా పక్కకొచ్చి, నా చేతిలోని చీటీ తీసుకుని, అందులో స్టేషను పేరు మీద వేలు పెట్టి, తర్వాత టికెట్టు మీది 86 చూపించి, నవ్వి పోయింది.

కొండ బస్సు ముందు ‘తిరుమల’ అని అంతంత అక్షరాలతో రాసే ఉంటుంది. అయినా ఎక్కేవాళ్ళలో సగంమంది ‘సార్, తిరుమల పోతాదా?’ అనే అడుగుతారు. ‘పైన చూడు’ అనేవాణ్ణి. విసుగ్గా ఉంటే ‘లేదు, కాశీకి పోతాది’ అనేవాణ్ణి. బస్సంతా నవ్వేది, నాకు అదొక గొప్ప. పదేళ్ళు దాటింది, తెల్ల టోపీ పెట్టుకున్న మరాఠీ ముసలాయన ఒకాయన నాలుగోసారి అడిగితే గట్టిగా కసిరాను. ఆయన భార్య చెయ్యి పట్టి వెనక్కి లాగింది. ఇద్దరూ దిగిపోయారు. బండి కదిలాక చూస్తే అదే చోట నిలబడి ఉన్నారు. ఆ బోర్డు మీద రాసింది ఆయన చదవలేడని నాకు ఆరోజు తట్టలేదు. చదవగలిగినా మళ్ళీ అడుగుతాడని, ఎందుకడుగుతాడో కూడా, హనోయ్ బస్సులో తెలిసింది.

ఇంక రోడ్డు. హోన్ కియెమ్ చెరువు పక్కన మొదటి సాయంత్రం పావుగంట నిలబడ్డాను, దాటలేక. ఆ దేశంలో రిజిస్టరైన మోటారు సైకిళ్ళే ఏడు కోట్ల పైమాట. అవన్నీ నేను దాటాల్సిన రోడ్డు మీదే ఉన్నాయా అనిపించింది. లీలామహల్ సర్కిల్లో బ్రహ్మోత్సవాలప్పుడు దాటినవాణ్ణి, నాకే కాళ్ళు వణికాయి. హోటలు కుర్రాడు చెప్పిన ఉపాయం ఒకటే: పరిగెత్తకు, ఆగకు, వెనక్కి రాకు, ఒకే నడక నడువు. సరేనని గోవిందా అనుకుని దిగాను. బండ్లు ఒక్కటీ ఆగలేదు. నాకు అటూ ఇటూ చీలి పోయాయి, కాలవలో రాయి చుట్టూ నీళ్ళు పోయినట్టు. అవతలి ఒడ్డుకు చేరాక నాకు మా పాత డ్రైవరన్న గుర్తొచ్చాడు. ఘాట్‌రోడ్డులో మలుపు తిరిగేటప్పుడు ఆయన అనేవాడు, ‘మనం ఏం చేయబోతున్నామో ఎదుటోడికి తెలిస్తే చాలబ్బా, మిగతాది వాడే చూసుకుంటాడు’ అని.

బైకుమీద వెనక కూర్చున్న ముసలమ్మకు కూడా హెల్మెట్ ఉంది. 2007 డిసెంబరు నుంచి అక్కడది తప్పనిసరి. చట్టం మనకూ ఉంది, మన హెల్మెట్ పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని ప్రయాణం చేస్తుంది. 2025 జనవరి నుంచి రెడ్ సిగ్నల్ దాటిన బైకుకు 40 నుంచి 60 లక్షల డాంగ్ జరిమానా పెట్టారు. మన లెక్కన పదమూడు వేలకు తక్కువ కాదు. అంత వేస్తే మన ఊళ్ళో బండి అక్కడే వదిలేసి పోతారు.

అంతా బాగుందని రాయడం లేదు. ఫుట్‌పాత్ అనేది నడవడానికి కాదక్కడ. సగం బైకుల స్టాండు, సగం చిన్న చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చుని తినేవాళ్ళు. హారన్లలో మనకేమీ తీసిపోరు. పొద్దున్నే మంచు అనుకుని మురిసిపోయాను, అది పొగ. సైకిల్ రిక్షా ఆయన ఒకడు ఎక్కేటప్పుడు ఒక రేటు, దిగేటప్పుడు ఇంకో రేటు చెప్పి నా దగ్గర మూడింతలు లాగాడు. వాడితో తెలుగులో పోట్లాడాను, వాడు వాళ్ళ భాషలో పోట్లాడాడు, ఇద్దరికీ బాగానే అర్థమైంది.

మర్నాడే దానికి విరుగుడు దొరికింది. వీధి పక్క ఒకావిడ దగ్గర ఐసు వేసిన టీ తాగి నీలం నోటు ఇచ్చాను. ఆవిడ నోటు చూసి, నన్ను చూసి, తిరిగి నా చేతిలో పెట్టింది. నేను ఇరవై వేలది అనుకుని ఇచ్చింది ఐదు లక్షల నోటు. రెండూ నీలమే. మన డబ్బులో పదహారు వందల పైచిలుకు. ముప్పై ఏళ్ళు తోలు సంచిలో డబ్బు లెక్కపెట్టిన చేతులివి! ఆవిడ ఒక క్యాలిక్యులేటర్ తీసి టీ ఖరీదు కొట్టి నా ముందు పెట్టింది. అప్పుడు గమనించాను, దాదాపు ప్రతి కొట్లోనూ, ప్రతి బండి మీదా ఒక క్యాలిక్యులేటర్ ఉంది. బేరమైనా సరే, వాళ్ళు ఒక అంకె కొడతారు, మనం చెరిపి ఇంకో అంకె కొట్టాలి. పక్కన ఉన్నవాడికి కూడా కనిపిస్తుంది. రిక్షా ఆయన దగ్గర నేను చేయనిది అదే. (ఇంకో సంతోషం. అక్కడ నాణేలు చెలామణిలో లేవు, అంతా నోట్లే. టికెట్టు వెనక చిల్లర బాకీ రాసి, దిగేటప్పుడు జనంతో మాటలు పడ్డ నాబోటివాడికి ఆ విలువ తెలుస్తుంది.)

రైలు గురించి రాయకుండా ఉండలేను. హనోయ్ నుంచి సైగాన్ (ఇప్పటి పేరు హో చి మిన్ సిటీ) దాకా 1,726 కిలోమీటర్లు, ఫ్రెంచివాళ్ళ కాలంలో 1936కి పూర్తయిన లైను, ఇప్పటికీ మీటర్ గేజే, అంటే పట్టాల మధ్య ఒక్క మీటరే ఎడం. నేను పాకాలలో పుట్టాను. చిన్నప్పుడు ధర్మవరం పోయే మీటర్ గేజ్ బండిలో మా అవ్వ ఒళ్ళో పడుకుని పోయేవాణ్ణి. రాత్రి ఆ బెర్తు మీద పడుకోగానే అదే ఊగు, అదే చప్పుడు. గదికి ఆరు బెర్తులు. కింది బెర్తు కుటుంబం నన్ను ‘బాక్’ అని పిలిచింది. నాన్నకన్నా పెద్దవాళ్ళను అలా అంటారట, మన పెదనాన్న లాగా. వాళ్ళ భాషలో ఊరికే ‘నువ్వు, మీరు’ అనడం తక్కువ, ఎదుటివాళ్ళను అన్నా, అక్కా, చిన్నాన్నా అనే పిలుస్తారు. నేను కందిపొడి డబ్బా తీశాను, వాళ్ళు అన్నం తెచ్చారు. ఆ పిల్లవాడు కందిపొడి మంటకు ఏడ్చి, మళ్ళీ చెయ్యి చాపాడు. మర్నాడు హుయే దాటాక బండి కొండకూ సముద్రానికీ మధ్య వంకర తిరుగుతూ పోతుంటే వాళ్ళు నాకు కిటికీ వదిలిపెట్టారు.

శాకాహారం అడగాలంటే ‘ఆన్ చాయ్’ అనాలి. మొదట మా అమ్మాయి రాసింది చూసి టీ అనుకున్నాను. చాంద్రమాసంలో మొదటి రోజు, పదిహేనో రోజు అక్కడ చాలామంది బౌద్ధులు శాకాహారమే తింటారు కాబట్టి ఆ మాట చెప్తే అందరికీ అర్థమవుతుంది. దా నాంగ్ దగ్గర మీ సన్ అనే చోట, పూర్వం ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు కట్టిన ఇటుక శివాలయాలు చూశాను. 1969లో అమెరికా బాంబులకు చాలా కూలిపోయాయి. మన భారత పురావస్తు శాఖ వాళ్ళు కొన్నిటిని బాగుచేశారు. ఆ పదహారు రోజుల్లో జనం లేని గుడి అదొక్కటే. దండం పెట్టుకున్నాను గానీ, క్యూ లేకుండా దేవుణ్ణి చూస్తే తిరుపతి వాడికి దర్శనమైనట్టే ఉండదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. మన ఊరికి రోజూ అరవై, డెబ్భై వేలమంది స్వామి కోసం వస్తారు. వాళ్ళలో తెలుగు చదవలేనివాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. కొత్తగా దిగినవాడికి మొదటి గంటలో కావలసింది రెండే: ఏ బండి ఎక్కాలి, ఎంత ఇవ్వాలి. రెండూ అంకెల్లో చెప్పొచ్చు. ఆటో అన్నలకు, లాడ్జీల ముందు నిలబడే తమ్ముళ్ళకు, బొమ్మలూ గాజులూ అమ్మే అక్కలకు నా మనవి. ‘సామీ, సామీ’ అని అరిచేబదులు ఫోను తీసి రేటు కొట్టి చూపించండి. ఎక్కేముందే చూపించండి. అందరి జేబులోనూ ఫోనుంది, క్యాలిక్యులేటర్ కొనక్కర్లేదు. కండక్టరు తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకూ అదే మాట. నాలుగోసారి అడిగితే నాలుగోసారీ చెప్పండి. నేను చెప్పనివాణ్ణి కాబట్టే అడుగుతున్నాను.

పోయిన మంగళవారం బస్టాండులో మా తమ్ముడి కోసం కూర్చుని ఉంటే, నా బ్యాగు లాంటి బ్యాగే వేసుకున్న తెల్లాయన ఒకడు చెమటలు కక్కుకుంటూ వచ్చి ‘తిరుమల?’ అన్నాడు. కొండ బస్సు ముందరే ఉంది. చూపించాను. టికెట్టు ధర ఫోనులో కొట్టి చూపించాను. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి మళ్ళీ ‘తిరుమల?’ అన్నాడు. లేచి బస్సు మెట్టు దాకా నడిచాను.

ఇట్లు,
విశ్రాంత కండక్టరు,
కొర్లగుంట, తిరుపతి.