క్వాంజా రాత్రి నన్ను ఇంటికి చేర్చిన పెద్దావిడకు

మొన్న డిసెంబరులో మా యూనివర్సిటీలో నల్లజాతివారి చరిత్ర, సంస్కృతి బోధించే బ్లాక్ స్టడీస్ విభాగం వాళ్ల క్వాంజా వేడుకకి, అంటే ఆఫ్రికన్ అమెరికన్లు ఏడాది చివర జరుపుకునే పండగకి, ఒక్కదాన్నే వెళ్లాను. గుమ్మం దగ్గర టెన్షన్ పడుతుంటే మీరే చెయ్యి పట్టుకుని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఏడు కొవ్వొత్తులు చూపించి, నడుమనున్న నల్లదే ముందు వెలిగిస్తారని, అది ‘ఉమోజా’కి, అంటే ఐకమత్యానికి అని ఓపిగ్గా చెప్పారు. సందెదీపం పెట్టే మా అమ్మ గుర్తొచ్చింది.

ఆఖరి బస్సు వెళ్లిపోతే కారులో దింపారు. ఇలాంటి విభాగం కావాలని 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీ విద్యార్థులు నెలల తరబడి సమ్మె చేశారని దారిలో చెప్పారు. నేను తలుపు తీసి లైటు వేసేదాకా వెళ్లలేదు.

మీరిచ్చిన అలసందల అన్నం డబ్బా కడిగి ఉంచాను. పేరు అడగడం మరిచిపోయానమ్మా. మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.