పాముకాటుకు సినిమా చూపే వైద్యం మారాలి

సంపాదకులకు నమస్కారం.

వానకాలంలో మీ జిల్లా పేజీల్లో వచ్చే పాముకాటు మరణాల వార్తల్లో ఒక మాట తరచుగా కనిపిస్తుంది. మొదట నాటువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లారని, పరిస్థితి విషమించాక ఆసుపత్రికి తరలించారని. ఆ మొదటి పరుగు ఆసుపత్రి వైపు ఎందుకు ఉండటం లేదన్నదే నా బాధ.

నేను సైన్సు చదువుకోలేదు. పొలం పనుల ఇంట్లో పుట్టి, పాముల సినిమాలు ఇష్టంగా చూస్తూ పెరిగాను. నాగకన్య మనిషి రూపం ఎత్తడం, పాము పగబట్టడం, పడగ మీద మణి వెలగడం మన జానపద కథల్లో ఎప్పటినుంచో ఉన్నవే. వాటి మీద నాకు కోపం లేదు. వాటిలో నిజమెంత అన్న కుతూహలంతోనే పాముల గురించి చదవడం మొదలుపెట్టాను, చదివినకొద్దీ అసలు పామే ఎక్కువ ఆశ్చర్యపరిచింది. పాముకు బయటికి కనిపించే చెవి లేదు. నేల అదురును దవడ ఎముకల ద్వారా పసిగడుతుంది. గాలిలో వచ్చే కొన్ని శబ్దాలు కూడా దానికి తెలుస్తాయి గానీ, పాములవాడి నాగస్వరం ముందు పడగ ఊపేది రాగం విని కాదు, కళ్లెదుట కదులుతున్న బూరను చూసి. పెనవేసుకున్న పాములు కనిపిస్తే ప్రేమజంట అనుకుంటాం. జెర్రిపోతుల్లో అలా మెలికలు పడి లేచేవి చాలావరకు బలం తేల్చుకుంటున్న రెండు మగపాములు. మా వైపు జెర్రిపోతును నాగుపాముకు మగది అంటారు. అవి రెండూ వేర్వేరు జాతులు. జెర్రిపోతుకు విషమే లేదు. పొలంలో ఎలుకలను తిని రైతుకు మేలు చేసే ఆ జీవిని కనబడినచోటల్లా కర్రలతో కొట్టి చంపుతున్నాం.

ఇవన్నీ నమ్మినా మనిషి ప్రాణానికి ముప్పు లేదు. పాము కరిచాక తెర మీద జరిగేదానితోనే ముప్పు. కథానాయిక కాలికి కాటు పడగానే కథానాయకుడు గుడ్డ చించి బిగించి కడతాడు, కత్తితో గాటు పెడతాడు, నోటితో విషం పీల్చి ఉమ్మేస్తాడు. ఇంకొన్ని సినిమాల్లో ఆకుపసరు పోస్తారు, లేదా కరిచిన పామే తిరిగివచ్చి విషం తీసేస్తుంది. మరుక్షణం ఆమె కళ్లు తెరుస్తుంది. మణి సంగతి కథేనని చిన్నపిల్లలకు కూడా తెలుసు. గుడ్డ కట్టడం, గాటు పెట్టడం మాత్రం పెద్దవాళ్లు సైతం వైద్యమనే అనుకుంటారు.

విషం కోర దిగిన క్షణంలోనే చర్మం కిందికి, కండలోకి చేరిపోతుంది. పీల్చినంత మాత్రాన బయటికి రాదు. రక్తపింజరి కరిస్తే రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతింటుంది, అలాంటి మనిషికి గాటు పెడితే రక్తం ఆగదు. బిగించిన కట్టు రక్తప్రసరణను ఆపి కాలినే పోగొట్టవచ్చు. ధైర్యం చెప్పి పడుకోబెట్టడం, కరిచిన కాలో చేయో కదలకుండా చూడటం, ఉంగరాలు, పట్టీలు తీసేయడం, వెంటనే 108 కి ఫోను చేసి విషానికి విరుగుడు ఇంజక్షను ఉన్న ఆసుపత్రికి చేర్చడం. మన చేతిలో ఉన్నది ఇంతే.

మంత్రం వేస్తే బతికినవాళ్లు లేరా అని మా ఊరి పెద్దలు అడుగుతారు. ఉన్నారు. మన దగ్గర మనుషులను కరిచే పాముల్లో విషం లేనివే ఎక్కువ. విషపాము కూడా ఒక్కోసారి విషం దించకుండానే కరుస్తుంది. ఆ మనుషులు ఏ వైద్యం చేయకపోయినా బతికేవారే. పేరు మాత్రం మంత్రానికి వస్తుంది, ఆ పేరు విని వచ్చినవాణ్ని కట్లపాము కరిచి ఉంటే ఇక అంతే. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, కాటు గుర్తు కూడా సరిగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తారు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి అందదు. మంచం మీద, దోమతెర కట్టుకుని పడుకుంటే ఈ కాటు చాలావరకు తప్పుతుంది. ఈ చిన్న సంగతి ఏ సినిమాలోనైనా ఒక పాత్ర చేత చెప్పించారా? నేను చూసినవాటిలో లేదు.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. అంటే ఏడాదికి 58 వేల మంది. సగం మరణాలు జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే. ఎక్కువ మరణాలు సంభవించిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2018 వానకాలంలో దివిసీమలో పాముకాట్లు పెరిగినప్పుడు మోపిదేవిలో సర్పశాంతి యాగం చేశారు. భక్తిని నేను తప్పుపట్టను, నాగులచవితికి నేనూ పుట్టకు మొక్కుతాను. దాంతోపాటు మందు, తెలివిడి కూడా ప్రతి ఊరికీ అందాలి. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్ర ప్రభుత్వం 2024 లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. గడువు దగ్గరపడుతోంది.

సినిమాలో పొగ తాగే దృశ్యం వస్తే హెచ్చరిక వేయాలన్న నిబంధన 2012 నుంచి అమలవుతోంది. పాముకాటు దృశ్యానికి కూడా అటువంటి హెచ్చరిక ఉండాలి. వానకాలం నాలుగు నెలలూ థియేటర్లలో విశ్రాంతి సమయంలో పాముకాటు ప్రథమచికిత్స మీద అర నిమిషం చిత్రం వేయాలి. దర్శకులకూ ఒక విన్నపం. విరుగుడు మందు తయారీకి కావలసిన విషంలో పెద్ద భాగం తమిళనాడులో 1978 లో ఏర్పడిన ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. వాళ్లు పాములను చంపకుండా పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి మందు చేస్తారు. దీన్ని కథగా తీస్తే టికెట్టు కొని చూసేవాళ్లలో నేను ముందుంటాను.

ఆసుపత్రికి వెళ్లమని చెప్పినప్పుడు ఆ ఆసుపత్రిలో మందు కూడా ఉండాలి. కాబట్టి జూన్ నెల రాకముందే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విరుగుడు మందు ఎన్ని సీసాలు ఉందో గేటు దగ్గర బోర్డు మీద రాయించాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఒక పాఠకురాలు,
రేపల్లె